నాయనకు బేసిక్ ఉండేది, మేనల్లుడికి లేదు

జులై వచ్చిందంటే మా ఆఫీసులో కుర్చీలు చాలవు. తిరుపతి ఎం.ఆర్.పల్లెలో పదమూడేళ్లుగా ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, పీఎఫ్ క్లెయిములు చేసిపెడుతున్నాను. వచ్చేవాళ్లలో రెండు రకాలుంటారు. ఒక రకం వాళ్ల చేతిలో ఫారం-16 ఉంటుంది. టీచర్లు, యూనివర్సిటీ సిబ్బంది, దేవస్థానం ఉద్యోగులు, రైల్వే వాళ్లు. పాత పద్ధతిలో కడితే లాభమా, కొత్త పద్ధతిలోనా అని అడుగుతారు. రెండో రకం వాళ్లకు టాక్స్ కట్టేంత జీతం లేదు. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొని పీఎఫ్ డబ్బు కోసం వస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పీఎఫ్‌లో వెనకుంటుంది. ఆ ఒక్క తేడాతో క్లెయిమ్ రిజెక్ట్ అవుతుంది. పాప ఫీజుకు గడువు రేపే అని ఆ తల్లి నా టేబుల్ ముందు నిలబడుతుంది.

ఈ రెండు రకాల వాళ్లూ చాలాసార్లు ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లే. గత జులైలో ఒకరోజు అలా ఇద్దరు కలిసి వచ్చారు. ఒకాయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ అటెండరు. రెండోవాడు మా అక్క కొడుకు, వాడూ అటెండరే. అదే బీరువా తాళాలు, అవే ఫైళ్లు, అదే సెక్షనుకు టీ తేవడం, అదే తపాలా తీసుకొని కలెక్టరేటుకు పోవడం. పెద్దాయన పే స్లిప్పులో గ్రాస్ 58 వేల చిల్లర. మావాడి స్లిప్పులో మొత్తం 15,000. పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 113 పోతే చేతికి 13,087.

పెద్దాయన కాగితం వైపు చూస్తూ మావాడు అడిగాడు. "మామా, ఈ బేసిక్ అనేది నాకు ఎంతుండాది?"

"నీకు బేసిక్ లేదురా" అన్నాను. బేసిక్ అంటే మూల జీతం, భత్యాలూ ఇంక్రిమెంట్లూ దానిమీదే లెక్కగడతారు. వాడి స్లిప్పులో ఆ గడే లేదు. 'కన్సాలిడేటెడ్ పే' అని, అంటే అంతా కలిపి ఇంత అని, ఒకే ఒక్క గీత.

నేనిక్కడ చెప్పదలచుకున్నదంతా ఆ లేని గడి గురించే. మా ఊళ్లో జీతాల మధ్య తేడా రోజురోజుకూ పెరుగుతోంది. దానికి కారణం గవర్నమెంటు ఉద్యోగులే అని టీ అంగడి దగ్గర నుంచి టీవీ చర్చ దాకా అందరూ అంటున్నారు. పే స్లిప్పులు చూసీ చూసీ నాకు తెలిసింది వేరు. గవర్నమెంటు ఉద్యోగం ఈ ఊళ్లో పేదవాడి జీతాన్ని పైకి లాగింది. ప్రభుత్వం దాని అడుగు మెట్టును కోసి బయట పడేసింది కాబట్టే ఈరోజు తేడా పెరుగుతోంది.

మా నాయన కథ చెప్తాను.

ఆయన 1985లో ఒక ప్రభుత్వ ఆఫీసులో రోజు కూలీగా చేరాడు. ఎన్ఎంఆర్ అనేవాళ్లు, నామినల్ మస్టర్ రోల్. రాత్రి వాచ్‌మన్, పగలు ఏ పని చెబితే ఆ పని. మస్టర్‌లో పేరు పడిన రోజుకే కూలీ. పండగ వస్తే ఇల్లంతా సంతోషపడేది, ఆయన మాత్రం ఆరోజు కూలీ లేదని లెక్క వేసుకునేవాడు. మేము జీవకోనలో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. నెలాఖరు వచ్చేసరికి అమ్మ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చేది.

1994లో ప్రభుత్వం రెండు పనులు చేసింది. ఇకమీదట రోజు కూలీ నియామకాలు వద్దంటూ ఆ ఏడాది రెండో నంబరు చట్టం తెచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో 212 నంబరు జీవో ఇచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ల సర్వీసు నిండిన వాళ్లను, ఖాళీలుంటే, రెగ్యులర్ చేయొచ్చు అని. నాయనకు ఎనిమిదేళ్లు నిండాయి. ఆ జీవో జెరాక్సు కాపీ ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉన్న ఇనప్పెట్టెలో ఉంది. మడతల దగ్గర చినిగితే టేపు అంటించి పెట్టుకున్నాడు.

ఆయనకు వచ్చిన స్కేలు 1,375 రూపాయలతో మొదలయ్యేది. రాష్ట్రంలో అన్నిటికంటే కింది స్కేలు. 1999లో ఆ మొదటి మెట్టు 2,550 అయింది. 2005లో 3,850. 2010 పీఆర్సీలో, అంటే వేతన సవరణలో, 6,700. 2015లో 13,000, 2022లో 20,000. నాయన 2012లో రిటైరయ్యాడు కాబట్టి చివరి రెండు అంకెలు ఆయన పెన్షన్‌లోకి వచ్చాయి. ఆయన ఏడో తరగతి చదివాడు. ప్రమోషన్ రాలేదు. ఆఫీసరు గదిలో ఏనాడూ కూర్చోలేదు. ఆఫీసరుకు డీఏ, అంటే కరువు భత్యం, పెరిగిన రోజే ఆయనకూ పెరిగేది. పీఆర్సీ వేస్తే ఇద్దరికీ ఒకే శాతం ఫిట్‌మెంట్, అంటే బేసిక్ మీద పెంపు. చెట్టు కొనకు పట్టిన వాన చుక్కే వేరుకూ పట్టినట్టు ఉండేది.

రెగ్యులర్ అయిన రెండేళ్లకు అమ్మ వడ్డీ అప్పు మానేసింది. కో-ఆపరేటివ్ సొసైటీలో నాయనకు లోను పుట్టింది. రేకులు తీసి మిద్దె వేశాడు. అక్క పెళ్లికి తన జీపీఎఫ్ పొదుపులోంచి తీశాడు. నేను బీకాం చదివాను. నేనే ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. జీవకోన, కొర్లగుంట, తిమ్మినాయుడుపాళెం సందుల్లో తిరిగి చూడండి. పాత మిద్దెల్లో చాలావాటి వెనక ఒక స్వీపరో, ఒక కండక్టరో, ఒక గ్యాంగ్‌మనో, ఒక ఆయానో ఉంటారు.

లెక్కలోకి వస్తాను. 2022 పీఆర్సీ మాస్టర్ స్కేలు 20,000తో మొదలై 1,79,000తో ముగుస్తుంది. అంటే అటెండరుకూ రాష్ట్ర ప్రభుత్వంలో అన్నిటికంటే పెద్ద స్కేలుకూ మధ్య తొమ్మిది రెట్ల తేడా. కేంద్రంలో ఏడో వేతన సంఘం ప్రకారం కనీసం 18,000, గరిష్టం క్యాబినెట్ సెక్రటరీకి 2,50,000. పద్నాలుగు రెట్ల లోపు. ఒక పెద్ద ప్రైవేటు కంపెనీలో గేటు దగ్గర నిలబడేవాడికీ పై అంతస్తులో కూర్చునేవాడికీ మధ్య వంద రెట్లు దాటడం మామూలే. గవర్నమెంటు కింద ఉన్నవాడికి బజారు కంటే ఎక్కువ ఇస్తుంది, పైనున్నవాడికి బజారు కంటే తక్కువ ఇస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో గుండె డాక్టరు బయటికి పోతే ఎన్నో రెట్లు సంపాదిస్తాడు. అదే ఆసుపత్రిలో రెగ్యులర్ ఆయా బయటికి పోతే సగం కూడా రాదు. ఒక ఊళ్లో ఇలాంటి ఉద్యోగాలు ఎక్కువ ఉంటే ఆ ఊరి జీతాల నిచ్చెన పొట్టిదవుతుంది.

ఇంకో సంగతి. ఈ నిచ్చెన ఎక్కడానికి కులం, ఆడా మగా తేడా అంత అడ్డం కాలేదు. రిజర్వేషన్ రోస్టరు ఉంది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6, బీసీలకు 29, ఆడవాళ్లకు మూడో వంతు. మగ టీచరుకూ ఆడ టీచరుకూ ఒకే స్కేలు. ప్రైవేటులో ఈ రోస్టరు లేదు. నా దగ్గరికి పీఎఫ్ పనికి వచ్చే ప్రైవేటు స్కూలు టీచరమ్మలు బీఈడీ చేసినవాళ్లు, పన్నెండు వేలు, పద్నాలుగు వేలు. సెకండరీ గ్రేడ్ టీచరు స్కేలు మొదలయ్యేదే 32,670తో. స్కూల్ అసిస్టెంటుకు 44,570. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా ఎందుకు పోటీపడ్డారో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. వాళ్లను 'గవర్నమెంటు పిచ్చి' అని తిట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మూడు రెట్లు జీతం, ఆదివారం సెలవు, ప్రసూతి సెలవు జీతంతో సహా వచ్చే చోటుకు పోవాలనుకోవడం పిచ్చి ఎలా అవుతుంది?

అయితే గవర్నమెంటు ఉద్యోగం కోసం కట్టే ఆ వరస వల్ల నష్టం లేదని అనను. మా వీధి చివర రీడింగ్ రూముల్లో ఇరవై ఎనిమిదేళ్లు, ముప్పై ఏళ్లు వచ్చిన పిల్లలు గ్రూప్-2 పుస్తకాల ముందు కూర్చొని ఉంటారు. నోటిఫికేషన్ టెన్షన్‌తో ఒక ఏడాది, కోర్టు కేసుతో ఇంకో ఏడాది. ఆ ఏళ్లు తిరిగి రావు. ఈ వరస ఇంత పొడుగు కావడానికి కారణం లోపల జీతం మరీ ఎక్కువ కావడం ఒక్కటే కాదు. బయట జీతం మరీ తక్కువ. తలుపు కూడా రోజురోజుకూ సన్నబడుతోంది. 1991లో మన దేశంలో ప్రభుత్వ రంగంలో ఉన్నవాళ్లు సుమారు 1 కోటి 90 లక్షలు. 2012 నాటికి సుమారు 1 కోటి 76 లక్షలు. ఆ ఇరవై ఏళ్లలో జనం ఎంత పెరిగారు, పట్టణాలు ఎంత పెరిగాయి! ఆసుపత్రులు పెరిగాయి, బడులు పెరిగాయి, ఊడ్చాల్సిన వీధులు పెరిగాయి. మరి ఆ పని ఎవరు చేస్తున్నారు?

మా మేనల్లుడు చేస్తున్నాడు.

వాడు 2017 ఆగస్టులో ఒక ఏజెన్సీ కింద చేరాడు. ఆ ఏజెన్సీ పేరు ఇక్కడ వద్దు. మొదటి రెండేళ్లు జీతం ఏ తారీఖున వస్తుందో తెలిసేది కాదు. ఏడు నెలలపాటు జీతంలో పీఎఫ్ కోసుకున్నారు కానీ ఖాతాలో కట్టలేదు. వాడి పీఎఫ్ పాసుబుక్కు మొదటిసారి తెరిచి చూసినప్పుడు ఆ ఏడు నెలలు ఖాళీగా కనిపించాయి. వేలమందికి ఇదే పని చేసిపెట్టే నేను నా సొంత అక్క కొడుకు పాసుబుక్కు అంత ఆలస్యంగా చూశానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2020 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ఆప్కాస్ అనే సొంత కార్పొరేషన్ మొదలుపెట్టింది. మధ్య దళారి పోయాడు, కమిషన్ పోయింది, జీతం నేరుగా బ్యాంకులో పడసాగింది. ఇది మంచి పని, ఎవరు చేసినా మంచి పనే. 2022 జనవరిలో ఔట్‌సోర్సింగ్ జీతాలు మూడు కేటగిరీలుగా పెంచారు: 21,500, 18,500, 15,000. మావాడిది మూడో కేటగిరీ, అంతకుముందు 12,000. ఆ నెల వాడు మా ఇంటికి స్వీటు తెచ్చాడు.

అదే జనవరిలో రెగ్యులర్ ఉద్యోగులకు పీఆర్సీ వచ్చింది. 23 శాతం ఫిట్‌మెంట్. అప్పటికే ఇస్తున్న మధ్యంతర భృతి 27 శాతం, దానికంటే తక్కువ ఇచ్చారని ఉద్యోగులు కోపంతో ఫిబ్రవరి 3న చలో విజయవాడ చేశారు. వాళ్ల కోపం న్యాయమైనదే. నేను వాళ్ల వైపే ఉన్నాను. కానీ ఆ రెండు జీవోలు పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించేది ఒకటుంది. కింది స్కేలు రెగ్యులర్ అటెండరు బేసిక్ 20,000. కొత్తగా చేరినా దానిమీద డీఏ, ఇంటి అద్దె భత్యం కలిపి ఇప్పుడు 30 వేలకు అటూ ఇటూ వస్తుంది. అదే పని ఔట్‌సోర్సింగ్‌లో 15,000. మొదటిరోజే సగం.

ఆ సగం కూడా సగంగా నిలబడదు. డీఏ అనేది ధరలతో పాటు పెరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు, జనవరికి ఒకటి, జులైకి ఒకటి. ఆలస్యమైనా, బకాయిలు పడ్డా, ఏదో ఒకరోజు వస్తుంది. దానికి తోడు ఏటా ఇంక్రిమెంటు. ఇవన్నీ బేసిక్ మీద శాతాలు. బేసిక్ లేనివాడికి శాతం దేనిమీద వేస్తారు? ధర పెరిగితే రెగ్యులర్ జీతం ఆలస్యంగానైనా దాని వెంట నడుస్తుంది. మావాడి 15,000 ఉన్నచోటే ఉంటుంది. ఎవరో నాయకుడు దయతలచి జీవో ఇచ్చినరోజు ఒక్కసారి కదులుతుంది. మావాడు కొర్లగుంటలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షనుకు 6,500 అద్దె కడుతున్నాడు. 2022లో అదే పోర్షను 4,500. ఆ రెండు వేలు వాడి కడుపులోంచే పోతున్నాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. పదిమంది ఉన్న ఒక ఆఫీసు అనుకోండి. ఆఫీసరుకు లక్ష. ముగ్గురు గుమాస్తాలకు తలా 50 వేలు. ఆరుగురు అటెండర్లకు, స్వీపర్లకు తలా 30 వేలు. మొత్తం 4 లక్షల 30 వేలు, సగటు 43 వేలు. ఆ ఆరుగురు రిటైరయ్యాక ఆ పోస్టుల్లో ఔట్‌సోర్సింగ్ వాళ్లను 15 వేలకు పెట్టారు. ఇప్పుడు 'ప్రభుత్వ ఉద్యోగులు' అంటే ఆ ఆఫీసులో నలుగురే. వాళ్ల సగటు జీతం ఎంత? 62,500. ఎవరికీ ఒక్క రూపాయి పెరగలేదు. ఆరుగురికి సగానికి తెగింది. అయినా కాగితం మీద ప్రభుత్వ ఉద్యోగి సగటు జీతం 43 వేల నుంచి 62,500కు ఎగబాకింది. రేపు ఎవరైనా ఈ అంకె పట్టుకొని, చూడండి గవర్నమెంటు వాళ్లు ఎంత తింటున్నారో, బయట జనం ఎంత తక్కువకు బతుకుతున్నారో అంటే అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. 'బయట జనం' అని వాళ్లు లెక్కపెడుతున్నది నిన్నటి వరకు లోపల ఉన్న ఆరుగురినే.

ఔట్‌సోర్సింగ్‌కు ఏ పోస్టులు పోయాయో చూడండి. స్వీపరు, వాచ్‌మన్, అటెండరు, డ్రైవరు, డేటా ఎంట్రీ ఆపరేటరు, వార్డులో స్టాఫు. కలెక్టరు పోస్టు ఔట్‌సోర్సింగ్ అయిందా? ఇంజనీర్ ఇన్ చీఫ్ పోస్టు అయిందా? నిచ్చెనను పొట్టిదిగా ఉంచింది ఆ కింది మెట్లే. వాటిని తీసేసి, పైమెట్లు అలాగే ఉంచి, నిచ్చెన పొడుగైందని పైనున్న వాళ్లను తిడితే ఏం న్యాయం?

తిరుపతిలో దేవస్థానం గురించి మాట్లాడకుండా జీతాల గురించి మాట్లాడలేం. 1932 చట్టంతో ఏర్పడి, ఇప్పుడు 1987 దేవాదాయ చట్టం కింద నడిచే సంస్థ. ఈవోను ప్రభుత్వం నియమిస్తుంది. ఊళ్లో సగం ఇళ్లకు దానితో ఏదో ఒక సంబంధం ఉంటుంది. ఏటా బ్రహ్మోత్సవాలు బాగా జరిగితే ఉద్యోగులకు బహుమానం ఇస్తారు. 2024 నవంబరులో బోర్డు దాన్ని పది శాతం పెంచింది. రెగ్యులర్ వాళ్లకు 15,400, కాంట్రాక్టు వాళ్లకు 7,535. కాంట్రాక్టు వాళ్లకూ ఇవ్వడం మంచి సంప్రదాయం. చాలా సంస్థల్లో అదీ లేదు. నేను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. గరుడసేవ రాత్రి మాడవీధుల్లో చీపురు పట్టినవాళ్లు, క్యూలైన్లలో నీళ్లు అందించినవాళ్లు, లడ్డూ కౌంటరు దగ్గర నిలబడినవాళ్లు, అందరిదీ అదే రాత్రి, అదే నిద్ర లేకపోవడం. ఆ రాత్రికి ప్రతిఫలంగా ఇచ్చే కానుకలో కూడా సగం గీత ఎందుకు పడింది? స్కేలులో తేడా పెట్టడానికి ఆఫీసులు రూల్సు చూపిస్తాయి. పండగ బహుమానానికి ఏ రూలూ లేదు. అయినా చెయ్యి దానంతట అదే సగం గీసింది. సగం అనేది మన చేతికి అలవాటైపోయింది.

ఈ అలవాటు ప్రభుత్వ ఆఫీసుల గోడల దగ్గర ఆగదు. గోడ దాటి ఊళ్లోకి వస్తుంది. నాకు బాగా తెలిసిన ఒక ప్రైవేటు ఆసుపత్రి మేనేజరు, మనిషి మంచివాడే, హౌస్‌కీపింగ్ వాళ్లకు జీతం పెంచమని నేనే అడిగినప్పుడు ఇలా అన్నాడు. "సర్కారే పదిహేను వేలిస్తా ఉంటే నేను పద్దెనిమిది ఇచ్చి ఎవురికి చెప్పుకోవాలన్నా?" మా నాయన కాలంలో ప్రైవేటు యజమానులు గవర్నమెంటు స్కేలు చూసి కొంచెమైనా సిగ్గుపడేవాళ్లు. మంచి పనివాడు నిలవాలంటే దానికి దగ్గరగా ఇవ్వాల్సి వచ్చేది. లీలామహల్ దగ్గర లాడ్జీలు, గాంధీ రోడ్డు బట్టల అంగళ్లు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలు, అందరికీ అదొక కొలబద్ద. ఇప్పుడూ కొలబద్ద ఉంది. కాకపోతే ప్రభుత్వమే దాన్ని కిందికి దించి పట్టుకుంది. ప్రభుత్వం ఆదర్శ యజమానిగా ఉండాలని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పింది ఇందుకే అనుకుంటాను. పెద్ద యజమాని ఎంత ఇస్తే మిగతావాళ్ల మనసులో అదే 'న్యాయమైన జీతం' అవుతుంది.

చైనా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మనకంటే చాలా పెద్ద స్థాయిలో వాళ్లు ఇది చూశారు. అక్కడ పట్టణాల్లో ఒకప్పుడు పనిచేసేవాళ్లలో ఎక్కువమంది సర్కారు ఫ్యాక్టరీల్లోనే ఉండేవాళ్లు. కార్మికులకు ఎనిమిది మెట్ల జీతాల పట్టిక. ఊరికీ ఊరికీ, మెట్టుకూ మెట్టుకూ తేడా తక్కువ. 1990ల రెండో సగంలో ఆ ఫ్యాక్టరీలను మూసి, అమ్మి, కోట్లమందిని ఇంటికి పంపారు. 1995లో సర్కారు సంస్థల్లో 11 కోట్లకు పైగా ఉన్నవాళ్లు 2005 నాటికి ఆరున్నర కోట్లు కూడా లేరు. పట్టణాల్లో జీతాల తేడా బాగా పెరిగింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, ఒక్కదాని మీదే నెట్టను. నన్ను ఆలోచింపజేసింది ఆ తర్వాత జరిగిన సంగతి. మిగిలిన సర్కారు సంస్థలు, బ్యాంకులు, కరెంటు, పెట్రోలు, అందనంత ఎత్తున మంచి జీతాల కోటలయ్యాయి. వాటి లోపలే ఏజెన్సీల ద్వారా వచ్చిన మనుషులు అదే పని తక్కువ జీతానికి చేశారు. చివరికి వాళ్ల ప్రభుత్వం 2012లో కార్మిక ఒప్పంద చట్టాన్ని సవరించి ఏజెన్సీ మనిషికీ సొంత మనిషికీ ఒకే పనికి ఒకే జీతం అంది. 2014లో ఏ సంస్థలోనూ ఏజెన్సీ మనుషులు పది శాతం దాటరాదని నియమం పెట్టింది. చాలా సంస్థలు పేర్లు మార్చి తప్పించుకున్నాయి, నిజమే. అయినా పది శాతం అని ఒక గీత గీశారు. మన దగ్గర ఏ ఆఫీసులో ఎంతమందిని ఔట్‌సోర్సింగ్‌లో పెట్టొచ్చో చెప్పే అలాంటి గీత నాకెక్కడా కనబడలేదు.

నాతో వాదించేవాళ్లు మొదట అడిగేది డబ్బు గురించి. రాష్ట్రం దగ్గర డబ్బు లేదు, జీతాలకూ పెన్షన్లకూ ఇంత పోతుంటే రోడ్లెలా వేస్తారు అని. ఈ ప్రశ్నను నేను కొట్టిపారేయను. రాష్ట్రం అప్పుల్లో ఉన్నమాట నిజం. కానీ పొదుపు చేయాల్సి వస్తే ఎవరి జీతంలోంచి చేయాలి? ఇందాకటి ఆఫీసులో మొత్తం ఆదా నెలకు 90 వేలు. ఆ 90 వేలూ ఆ ఆరుగురి పళ్లెంలోంచే వచ్చాయి. పైనున్న నలుగురిలో ఎవరినీ తగ్గించుకోమని అడగలేదు. ఇంటికి కష్టమొస్తే పెద్దవాళ్లు ముందు తమ ముద్ద తగ్గించుకుంటారు. ఇక్కడ చిన్నవాడి పళ్లెంలోంచి ముందు తీశారు.

రెండో మాట, గవర్నమెంటు వాళ్లు పని చేయరు అని. పనిచేయని రెగ్యులర్ వాళ్లను నేనూ చూశాను. వాళ్లమీద చర్య తీసుకోవడానికి రూల్సు ఉన్నాయి, వాడాలి. ఒకడు పని ఎగ్గొట్టాడని పక్కవాడి జీతం సగం చేయడం దానికి మందు కాదు.

మూడో మాట కొంచెం నొప్పి పెట్టేది, అది నేను మావాళ్లకే చెప్పాలి. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగులైన ఇళ్లు అవిలాల వైపు, తిరుచానూరు వైపు ప్లాట్లు కొని, అద్దెలు పెంచి, ఆటో నడిపేవాడికి ఊళ్లో చోటు లేకుండా చేస్తున్నాయనే మాటలో నిజముంది. వాళ్ల రిటర్నులు నేనే వేస్తాను కాబట్టి నాకు తెలుసు. అంతకంటే బాధ పెట్టేది ఉద్యోగ సంఘాల మౌనం. పీఆర్సీ కోసం రాష్ట్రమంతా కదిలిన సంఘాలు పక్క కుర్చీలో ఔట్‌సోర్సింగ్ అబ్బాయి కోసం ఒక్కరోజు పెన్‌డౌన్ చేయడం నేను చూడలేదు. మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు 2023 డిసెంబరు చివర్లో చెత్త ఎత్తడం ఆపి తమ సమ్మె తామే చేసుకున్నారు. జీతం 15,000, ఆరోగ్య భత్యం 6,000 కలిపి 21,000 ఇస్తామని ఒప్పించుకున్నారు. వీధులు కంపు కొట్టాక కానీ ఊరికి వాళ్లు కనబడలేదు. మా నాయన కూడా సంఘం సభ్యుడే. "మేము పర్మినెంట్ అయినాక పాత మస్టర్ గది వైపు చూడడం మానేసినాం రా" అని ఈమధ్య తనే అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట వినడం నాకు కష్టంగా అనిపించింది.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 39వ అధికరణం (డి) ఆడా మగా అందరికీ సమాన పనికి సమాన వేతనం అంటుంది. 2016 అక్టోబరు 26న పంజాబ్ ప్రభుత్వానికీ జగ్‌జీత్ సింగ్‌కూ మధ్య కేసులో సుప్రీం కోర్టు తాత్కాలిక ఉద్యోగులకూ ఇది వర్తిస్తుందని, అదే పని చేస్తే రెగ్యులర్ స్కేలులో కనీసం మొదటి మెట్టు ఇవ్వాలని చెప్పింది. అంతకు పదేళ్ల ముందు, 2006 ఏప్రిల్‌లో, ఉమాదేవి కేసులో ఇదే కోర్టు దొడ్డిదారిన చేరినవాళ్లను పర్మినెంట్ చేయకూడదంది. ఆ తీర్పు మీద నాకు కోపం లేదు. పరీక్ష రాసి ఎదురుచూస్తున్న పిల్లవాడి హక్కు కూడా హక్కే. కానీ ఈ రెండు తీర్పుల మధ్య ఒక సందు ఉంది. కాంట్రాక్టు వాడు ప్రభుత్వం పెట్టుకున్నవాడు. ఔట్‌సోర్సింగ్ వాడు ఏజెన్సీయో, ఆప్కాసో పెట్టుకున్నవాడు. 'నువ్వు మా మనిషివి కాదు' అనే ఒక్క మాటతో సమాన వేతనం అడిగే తలుపు మూసుకుపోతుంది. 2023లో రాష్ట్రం కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ చట్టం చేసింది. 2014 జూన్ 2కు ముందు చేరినవాళ్లకే, అదీ కాంట్రాక్టు వాళ్లకే. మావాడికి తారీఖూ కలవలేదు, పేరూ కలవలేదు. మా నాయనకు 1994లో తెరుచుకున్న దారి మావాడి ముందు గోడగా నిలబడింది.

నేను అడిగేది అందరినీ రేపే పర్మినెంట్ చేయమని కాదు. పరీక్షలు పెట్టండి, రోస్టరు పాటించండి, ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఆ పరీక్షలో వెయిటేజీ ఇవ్వండి. ఈలోపు మూడు పనులైనా చేయొచ్చు. ఏ పనికి రెగ్యులర్ స్కేలు ఉందో ఆ స్కేలు మొదటి అంకెను అదే పని చేసే ఔట్‌సోర్సింగ్ మనిషి స్లిప్పులో బేసిక్ అనే పేరుతో రాయండి. దానిమీద డీఏ ఇవ్వండి, మిగతావాళ్లకు ఇచ్చిన రోజే. ప్రభుత్వం జీతాల లెక్క చెప్పేటప్పుడు ఈ మనుషులను కూడా కలిపి చెప్పండి. మూడోది పైసా ఖర్చు లేనిది. నాకు అన్నిటికంటే ముఖ్యం కూడా అదే. ఎంతమంది ఉన్నారో, ఎంత ఇస్తున్నామో ఒకే పట్టికలో కనిపిస్తే, సగం గీత ఎక్కడ పడిందో అందరికీ కనిపిస్తుంది.

మా ఆఫీసు ర్యాకులో మావాడి పేరుతో ఒక నీలం ఫైలు పెట్టాను. 2017 ఆగస్టు నుంచి ప్రతి నెల స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐడీ కార్డు జెరాక్సు అందులో వరసగా ఉన్నాయి. మళ్లీ ఎప్పుడైనా 212 లాంటి జీవో వస్తే మొదట అడిగేది సర్వీసు తెగకుండా ఉందా అనే. ఆ ఏడు నెలలకు మాత్రం పీఎఫ్‌లో ఆనవాలు లేదు. ఆ కాలపు హాజరు రిజిస్టరు ఆఫీసు రికార్డు గదిలో ఉందని ఆ పెద్దాయన చెప్పాడు, తాళం తన దగ్గరే ఉందన్నాడు. ఆఫీసరుకు దరఖాస్తు రాసి ఇచ్చాం. సోమవారం పదిన్నరకు రమ్మన్నారు. నేనూ మావాడితో పోతున్నాను.